కాలనీ సంక్షేమ సంఘం: విద్యా కమిటీ వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

పార్కు, డ్రైనేజీ, సీసీ కెమెరాల సంగతులు కార్యదర్శి గారి నివేదికలో ఉన్నాయి. ఇది విద్యా కమిటీ పని గురించి మాత్రమే.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఇంటర్ పిల్లలకు సాయంత్రం కోచింగ్ పెట్టమని చాలామంది అడిగారు. కమిటీ ఆలోచించి, పెట్టకూడదని నిర్ణయించింది. ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాకా కోచింగ్ బోర్డులకు కొదవ లేదు. తెల్లారకముందే కాలేజీ బస్సెక్కి చీకటి పడ్డాక ఇల్లు చేరే పిల్లల్ని మళ్లీ కమ్యూనిటీ హాల్లో కూర్చోబెట్టి ఫిజిక్స్ చెప్పడం న్యాయం కాదు. ఏ పరీక్ష ఎవరికి అవసరం, ఎప్పుడు అప్లై చేయాలి, ఏ కాగితం ఎప్పటికి చేతిలో ఉండాలి అన్నవి మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ చెప్పడం లేదు. ఈ ఏడాది పనంతా దాని మీదే పెట్టాం.

ముందుగా హాల్లో గోడ మీద పెద్ద క్యాలెండర్ పెట్టి, ప్రకటనలు వచ్చిన కొద్దీ తేదీలు నింపుతూ పోయాం. జేఈఈ మెయిన్ (ఎన్ఐటీల్లాంటి కాలేజీల్లో ఇంజినీరింగ్ సీట్ల పరీక్ష) మొదటి విడత దరఖాస్తులు అక్టోబర్ 28న మొదలై నవంబర్ 22తో ముగిశాయి. పరీక్ష జనవరి చివర్లో, రెండో విడత ఏప్రిల్ మొదట్లో. మధ్యలో మార్చి 5 నుంచి ఇంటర్ పరీక్షలు. ఏప్రిల్ 29, 30ల్లో అగ్రికల్చర్, ఫార్మసీ వాళ్లకు ఎంసెట్ (పేరు ఈఏపీసెట్‌గా మారినా మనందరి నోట్లో ఇంకా ఎంసెటే), మే 2 నుంచి 4 దాకా ఇంజినీరింగ్ వాళ్లకు. మే 4నే మెడికల్ సీట్ల పరీక్ష నీట్. మే 18న ఐఐటీల కోసం జేఈఈ అడ్వాన్స్‌డ్. అది చూసి ఒకావిడ "ఇవేంటండీ, పెళ్లి ముహూర్తాల్లా ఒకదాని మీద ఒకటి" అన్నారు.

అందుకే ప్రతి పిల్లాడితో ప్రతి పరీక్షా రాయించాలన్న పట్టుదల వద్దని గట్టిగా చెప్పాం. ఎంపీసీ వాళ్లకు మెయిన్, ఎంసెట్ సరిపోతాయి. బాగా చదివేవాళ్లు మహా అయితే బిట్స్ పిలానీ కోసం బిట్‌శాట్ రాస్తారు. ఫీజు కట్టిన ప్రతి దరఖాస్తూ ఇంకో టెన్షనే.

ఆదివారాలు మాక్ టెస్టులు పెట్టాం. కొందరు సభ్యులు తమ ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. మెయిన్‌కూ ఎంసెట్‌కూ ఉన్న తేడా అక్కడే పిల్లలకు అర్థమైంది. మెయిన్‌లో మూడు గంటలకు 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఎంసెట్‌లో అదే మూడు గంటలకు 160 ప్రశ్నలు, కోత లేదు. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లే. మెయిన్ కోసం నింపాదిగా ఆలోచించడం అలవాటైనవాళ్లు ఎంసెట్ పేపర్లో 110వ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. కోత లేని పరీక్షలో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదన్నది కూడా కొందరికి అప్పుడే తెలిసింది.

ఈ ఏడాది ఇంకో తలనొప్పి, పరీక్షల తీరు మారడం. మెయిన్ న్యూమరికల్ ప్రశ్నల్లో (జవాబు అంకెల్లో ఇవ్వాల్సినవి) ఛాయిస్ తీసేశారు. నీట్‌లో 200 ప్రశ్నల్లో 180 రాసే పద్ధతి, అదనపు ఇరవై నిమిషాలు రెండూ పోయాయి. ఇప్పుడు 180 నిమిషాలకు 180 ప్రశ్నలు. ఆ కబురు జనవరిలో వచ్చింది. బైపీసీ పిల్లల కోసం ప్రింట్ తీసి పెట్టిన పాత పేపర్లను కుదించి మళ్లీ తయారుచేశాం. నీట్ కంప్యూటర్ మీద కాదు కాబట్టి ఓఎంఆర్ షీట్లు దిద్దడం విడిగా సాధన చేయించాం.

తల్లిదండ్రులకు పెట్టిన సమావేశంలో ఎక్కువసేపు నడిచింది పర్సంటైల్ మీద. 90 వచ్చిందని స్వీట్లు పంచినవారు, 90 మార్కులు వచ్చాయనుకున్నవారు ఇద్దరూ ఉన్నారు. 90 పర్సంటైల్ అంటే రాసినవాళ్లలో పది శాతం మంది మన పిల్లవాడి కంటే ముందున్నారని. పది లక్షల మంది రాస్తే ముందు లక్ష మంది. ఇంకోటి, ఎంసెట్ ర్యాంకుకు ఒకప్పుడున్న 25 శాతం ఇంటర్ వెయిటేజీ ఇప్పుడు లేదు. అలాగని ఇంటర్‌ను వదిలేస్తే కుదరదు. ఎన్ఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం.

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది సర్టిఫికెట్ల పని. ర్యాంకు వచ్చాక మీసేవ చుట్టూ తిరిగే కుటుంబాలను ఏటా చూస్తున్నాం. రాష్ట్రంలో చెల్లే బీసీ సర్టిఫికెట్ ఐఐటీ, ఎన్ఐటీలకు చెల్లదు, కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (క్రీమీలేయర్, అంటే సంపన్న శ్రేణి, కిందికి రానివాళ్లకిచ్చే) సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర జాబితాలోని కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు కూడా, అది ముందే చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ (ఏ రిజర్వేషన్ కిందికీ రాని పేద కుటుంబాలకిచ్చే) సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిది ఆ సంవత్సరానికే, కాబట్టి ఏప్రిల్ తర్వాత కొత్తది తీసుకోవాల్సిందే. స్థానికత కోసం ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చి పెట్టుకోమన్నాం. మధ్యలో స్కూళ్లు మారిన పిల్లల ఇళ్లకు ఇది పెద్ద పనే. మూతపడిన ఒక స్కూలు రికార్డుల కోసం ఒక తండ్రి వారాల తరబడి తిరిగారు. అదృష్టం, ఆయన మొదలుపెట్టింది డిసెంబర్‌లో.

ఎంపీసీ, బైపీసీ కాని పిల్లలకు ఈసారి తగినంత చేయలేకపోయాం. క్లాట్ రాసి శామీర్‌పేటలోని నల్సార్ లాంటి లా యూనివర్సిటీల్లో చేరొచ్చని, కేంద్ర యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీతో హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ)లో ఇంటిగ్రేటెడ్ కోర్సులు ఉన్నాయని, మామూలు డిగ్రీకి ఏ ఎంట్రన్సూ లేకుండా దోస్త్ (డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా సీటు వస్తుందని చెప్పాం. అంతే.

ఎవరికెంత ర్యాంకు వచ్చిందో ఇక్కడ రాయడం లేదు. గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా వేయం. అడిగినవాళ్లున్నారు గానీ, ఫ్లెక్సీలో లేని పిల్లలూ రోజూ ఆ గేటులోంచే వెళ్లాలి.

ఖర్చు ప్రింట్లకు, ఆదివారం టిఫిన్లకు అయింది. లెక్కల పుస్తకం ఆఫీసు గదిలో ఉంది, ఎవరైనా చూడొచ్చు.

వచ్చే ఏడాది తొమ్మిది, పది తరగతుల వాళ్లతోనే మొదలుపెట్టాలని కమిటీ ప్రతిపాదన. గ్రూపు ఎంచుకునేది అప్పుడే. పాలిటెక్నిక్ కోసం పాలీసెట్, పది మార్కుల మీద బాసర ట్రిపుల్ ఐటీ ఉన్నాయని తెలియాల్సిందీ అప్పుడే. క్లాట్, సీయూఈటీ గురించి చెప్పగల సభ్యులు, పాత ల్యాప్‌టాప్ ఇవ్వగలవారు ఆఫీసులో పేరు రాయించండి. కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడంలో సాయం కావాల్సినవాళ్లు ఆదివారం ఉదయం హాల్‌టికెట్, ర్యాంకు కార్డుతో రండి. పిల్లవాణ్ణీ తీసుకురండి, ఆప్షన్లు వాడివే కదా.

ఇట్లు,
విద్యా కమిటీ