అరచేతితో కొలిచే జబ్బు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాకు సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉంది. ఏళ్లుగా ఉంది, ఇకముందూ ఉంటుంది. పూర్తిగా పోగొట్టే మందు ఇంతవరకు లేదు గానీ, అదుపులో ఉంచే మంచి మందులు చాలానే వచ్చాయి. అవి ఎవరికి ఇవ్వాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చే పద్ధతి గురించే ఈ లేఖ.

జబ్బు ఒంటి మీద ఎంత మేర పాకిందో చూసి తీవ్రత కడతారు. రోగి అరచెయ్యి, వేళ్లతో సహా, ఒంటి మొత్తంలో సుమారు 1 శాతం. అలా అరచేతులు లెక్కపెడుతూ పోయి 10 శాతం దాటితే తీవ్రం అని రాస్తారు. తీవ్రతకు మార్కులు వేయడానికి 1978 నుంచి వాడుతున్న పాసీ స్కోరులో ఎరుపు, మందం, పొలుసు కూడా చూస్తారు గానీ చివరికి వాటినీ విస్తీర్ణంతోనే హెచ్చవేస్తారు. నాకున్నది రెండు అరచేతుల్లో, గోళ్లలో, కాస్త తల మీద. కాగితం మీద నాది ‘స్వల్పం’. కొలిచే అరచేతికే జబ్బు వస్తే ఏం చెయ్యాలో ఆ లెక్కలో లేదు.

వేలి కొసలు పగిలిన రోజుల్లో చొక్కా గుండీ పెట్టుకోవడమే ఒక పని. గోరు కింది చర్మాన్ని వదిలేసి పైకి లేచి ఉంటుంది. తువ్వాలు పోగు అందులో చిక్కుకుందంటే ప్రాణం విలవిల్లాడుతుంది. ఆఫీసులో హాజరుకి వేలిముద్ర యంత్రం పెట్టారు. బొటనవేలు తుడిచి పెడతాను, ఎర్ర లైటు. చూపుడు వేలు, మళ్లీ ఎర్ర లైటు. గీతలే లేని వేలిని పాపం ఆ యంత్రం మాత్రం ఎలా గుర్తుపడుతుంది? వెనక వరుస పెరుగుతుంది. నా తర్వాతి మనిషి నా చేతుల వంక ఓసారి చూసి, యంత్రాన్ని రుమాలుతో తుడిచి మరీ వేలు పెడతాడు.

సోరియాసిస్ అంటుకోదండీ. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి, నెల రోజులకు పైకి రావాల్సిన చర్మ కణాలను 3 నుంచి 5 రోజుల్లోనే తోసేస్తుంది. రాలే పొలుసు అదే. ఆ మంట చర్మంతో ఆగదు కూడా. రోగుల్లో 30 శాతం వరకు కీళ్లవాతం వస్తుంది, గోళ్లకు జబ్బు ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఆలస్యమైతే కీలు శాశ్వతంగా పాడవుతుంది. ‘చర్మమే కదా’ అనేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మరి తీవ్రతను దేంతో కొలవాలి? 1994లో బ్రిటన్‌లోని కార్డిఫ్ వైద్యులు ఫిన్లే, ఖాన్ 10 ప్రశ్నలతో ఒక పత్రం తయారుచేశారు. పేరు డీఎల్‌క్యూఐ. మొత్తం 30 మార్కులు, 10 దాటితే జబ్బు జీవితాన్ని బాగా దెబ్బతీస్తోందని అర్థం. దురద, సిగ్గు, వేసుకునే బట్టలు, ఉద్యోగం, మందు పూతతో అయ్యే చికాకు, అన్నీ అడుగుతుంది. తొమ్మిదో ప్రశ్న దాంపత్య సుఖం గురించి. ఇన్నేళ్లలో ఏ డాక్టరూ నన్ను అది అడగలేదు, నా అంతట నేనూ చెప్పలేదు.

ఆ పత్రంలోనూ లోపాలున్నాయి. గడిచిన వారం గురించే అడుగుతుంది. పైగా, పదిమందీ చూస్తారని ఎప్పుడో ఈత మానేసినవాడు ఆటల ప్రశ్నకు ‘నాకు వర్తించదు’ అని టిక్కు పెడతాడు, దానికి పడేది సున్నా. అంటే ఎంత వదులుకుంటే అంత ఆరోగ్యవంతుడన్నమాట! అందుకే మార్కులు వేసి ఊరుకోకుండా, ఏమేం మానేశారని కూడా డాక్టరు అడగాలి.

ఇది నా ఒక్కడి గోల కాదు. అరచేతులు, తల వంటి ప్రత్యేక భాగాల్లో ఉంటే, విస్తీర్ణం తక్కువైనా ఒంటి మొత్తానికి పనిచేసే మందు ఇవ్వవచ్చని అంతర్జాతీయ సోరియాసిస్ కౌన్సిల్ 2020లోనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల వేదిక అయిన ప్రపంచ ఆరోగ్య సభ 2014లో సోరియాసిస్ మీద, 2025లో మొత్తం చర్మవ్యాధుల మీద తీర్మానాలు చేసింది. మందు కోసం పెట్టే నా దరఖాస్తు ఫారంలో మాత్రం ఇంకా శాతం గడి ఒక్కటే ఉంది. దాని పక్కన ఎక్కడ వచ్చిందో, డీఎల్‌క్యూఐ ఎంతో రాసే రెండు గడులు చేర్పించండి. నిర్ణయం ఆ మూడూ చూసి తీసుకోమనండి. వేలిముద్ర పడని ఉద్యోగికి కార్డో సంతకమో చాలని ఒక ఉత్తర్వు ఇప్పించండి. దానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఇంకొక్క మాట. అతినీలలోహిత కాంతి చికిత్స చాలామందికి బాగా పనిచేస్తుంది. ఒక్కో విడత నిమిషాల్లో అయిపోతుంది, కానీ వారానికి రెండు మూడు సార్లు చొప్పున కొన్ని నెలలు వెళ్లాలి. నేను వెళ్లే చోట అది సరిగ్గా ఆఫీసు వేళల్లోనే ఉంటుంది. అన్నిసార్లు సెలవు ఎవరిస్తారు? సగంలో మానేసినవాళ్లను ‘సహకరించని రోగి’ అని రాసేస్తారు. వారంలో మూడు రోజులు సాయంత్రం 8 దాకా ఆ గది తెరిచి ఉంచేలా ఆదేశించండి.

ఇట్లు,
కాగితం మీద ‘స్వల్ప’ రోగి