సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

త్యాగరాజ ఆరాధన, నెలవారీ కచేరీలు, పిల్లల గాత్ర పోటీలు ఈ ఏడూ సక్రమంగా జరిగాయి. పక్కవాద్య సహకారం అందించిన విద్వాంసులకు, ఆరాధన నాడు పులిహోర వండి తెచ్చిన మహిళా సభ్యులకు, మైకు సెట్టు ఉచితంగా ఇచ్చిన దాతకు కృతజ్ఞతలు.

ఈసారి గర్వంగా చెప్పుకోవలసింది మన హాస్య నాటిక గురించి. కథ కల్పితం కాదు. 1764 అక్టోబరులో ఫ్రెంచి వయొలిన్ బాణీకి ఆద్యుడనదగ్గ జాఁ మరీ లెక్లేర్ పారిస్‌లో తన ఇంటి గుమ్మం లోపలే కత్తిపోట్లతో శవమై కనిపించాడు. పంతం గల మనిషి. పదిహేనో లూయీ కొలువులో ముందు కుర్చీ కోసం గిన్యోఁ అనే మరో వయొలిన్ విద్వాంసుడితో తగువొచ్చి, 1737లో కొలువే వదిలేశాడు. తోటమాలినీ, మేనల్లుడు వియాల్‌నీ అనుమానించారు గానీ ఎవరికీ శిక్ష పడలేదు. విడిగా ఉంటున్న భార్య లూయీజ్ రూసెల్‌ని తర్వాతివాళ్లు అనుమానించారు. ఆయన స్వరాలను అచ్చు కోసం లోహపు పలకల మీద చెక్కింది ఆవిడే! మన నాటికలో ఆవిడ గౌను మడతల్లోంచి ఆ ఉలి బయటికి తీయగానే హాలంతా ఈలలు. రచన చేసిన ఉపాధ్యక్షురాలు గారికి, తోటమాలిగా నవ్వించిన కోశాధికారి గారికి ప్రత్యేక అభినందనలు. మన కుర్రాడు లెక్లేర్ రాసిన ‘తాంబురాఁ’ అనే వయొలిన్ రచన వాయిస్తుంటే, ద్వారం వారి వయొలిన్ విని పెరిగిన పెద్దలు తొడ మీద తాళం వేశారు.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు గారి సంతకంతో జతపరిచాం. లోటు లేదు.

చెప్పక తప్పని మాట ఒకటుంది. రిహార్సల్సుకు పేర్లిచ్చినవారిలో సగం మంది ముఖం చూపలేదు. తెర కట్టడం, కుర్చీలు వేయడం, చివరికి హాలు ఊడ్చడం కూడా ఆ నలుగురైదుగురి మీదే పడింది. అద్దె రాయితీ అర్జీకి సంబంధిత కార్యాలయం నుంచి నేటికీ జవాబు లేదు. ఎప్పుడు వెళ్లినా "సారు మీటింగులో ఉన్నారు" అనడమే.

వచ్చే ఏడు స్వరకర్త మొజార్ట్ మరణం, ఆయనకు తోటి స్వరకర్త సాలియేరి విషం పెట్టాడన్న పుకారు తీసుకుందామని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. బేథోవెన్‌కీ, షూబర్ట్‌కీ, మొజార్ట్ కొడుక్కీ పాఠం చెప్పిన గురువు మీద ఎంత నింద! ఆయన నిర్దోషి అని మన వేదిక మీద తేలాలని నా కోరిక. రిహార్సల్సుకు తప్పకుండా వచ్చేవారే వేషాలకు పేర్లివ్వండి.

కార్యదర్శి