నా స్టాప్ కాని చోట దిగేశా

ఒరేయ్ మామా,

ఇంత లేటుగా రాస్తున్నందుకు సారీ రా, నిజంగా సారీ. ఇంట్లో అందరూ బావున్నారు, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, ఆఫీసు ఎప్పట్లాగే ఉంది. ఇక అసలు సంగతి విను, ఇది నీకు చెప్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

మొన్న రాత్రి బస్సులో ఇంటికొస్తున్నా. దారిలో ఒక గ్రౌండ్ దగ్గర చీకట్లో జనం లైన్లో నిలబడి ఉన్నారు, ముందు స్టాండ్ మీద ఏదో పెద్ద గొట్టం. బస్సు ఆగింది. నా స్టాప్ కాదు, ఇంట్లో బోలెడు పనులు, అయినా అదేంటో తెలుసుకోకుండా ఎలా వెళ్తాం రా, దిగేశా.

టెలిస్కోప్ రా అది! ఒక పెద్దాయనది, ఎవరొస్తే వాళ్లకి చూపిస్తున్నాడు. నా వంతొచ్చి కన్ను పెడితే ముందు ఏం కనపళ్లా. "కంగారు పడకండి, తీరిగ్గా చూడండి" అన్నాడు. అప్పుడు కనిపించింది, చిన్న గుండ్రటి బిళ్ల, దాని మీద అడ్డంగా రెండు లేత గోధుమరంగు చారలు, అటూ ఇటూ ఒకే దారానికి గుచ్చినట్టు నాలుగు చుక్కలు. గురుగ్రహం, దాని చందమామలు! నోట మాట రాలేదు రా. ఆ వెలుగు అక్కణ్ణించి బయల్దేరి అప్పటికే అరగంట దాటిందంట, ఆలోచించు!

1610 జనవరి 7న గెలీలియో వీటిలో మూడే చూసి నక్షత్రాలనుకున్నాడంట. మర్నాడు మళ్లీ చూస్తే మూడూ ఒకే పక్కకి వచ్చేసి ఉన్నాయి. ఇదేంటని రోజూ చూస్తూ పోతే 13న నాలుగోది కూడా దొరికింది. అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయని జనం నమ్మే రోజుల్లో ఇవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయి! ఆ రెండో రాత్రి ఆయనకి మళ్లీ చూడాలనిపించకపోయుంటే... నాకు అదే పట్టుకుంది.

అందుకే మర్నాడు బైనాక్యులర్స్ అడిగి తెచ్చి, చేతులు వణక్కుండా గోడకి ఆనించి చూశా. మూడే కనిపించాయి, కానీ చోట్లు మారిపోయాయి రా, నా కళ్లతో నేను చూశా! ఈ నాలుగు చందమామల్లోకీ గురుడికి దగ్గరగా తిరిగే అయో దాదాపు 42 గంటల్లో ఒక చుట్టు చుట్టేస్తుందంట. దీన్ని గమనిస్తూనే 1676లో రోమర్ అనే ఆయన వెలుగు ప్రయాణానికి కూడా టైం పడుతుందని పట్టేశాడు, అది ఇంకో పెద్ద కథ, ఫోన్లో చెప్తా.

చాలామంది ఇటు చూసి కూడా అదేంటని అడక్కుండానే వెళ్లిపోతారు బాబూ అన్నాడు పెద్దాయన. ఎందుకో చాలా బాధేసింది ఆ మాటకి.

పెద్ద పెద్ద నిర్ణయాలు గాల్లో తీసుకోమనట్లేదు రా, ఉద్యోగం, అప్పులు లాంటివి నీ స్టైల్లో నెలల తరబడి ఆలోచించుకో. కానీ పోతే ఒక గంట పోయే చోట, వెనక్కి రావడానికి ఇంకో బస్సు ఉన్న చోట, అంత లెక్కలెందుకు చెప్పు? ఆ ఈత క్లాసు సంగతే చూడు, చేరాలా వద్దా అని రెండేళ్ల నుంచీ... సరే, అది మన 'మూడో బెంచీ కమిటీ' తేల్చాలి. నేనైతే చేరమనే ఓటేస్తా.

అయ్యో టైం అయిపోయింది, కింద హారన్ కొడుతున్నారు. ఆ పెద్దాయన నోట్‌బుక్కు గురించి రాయనే లేదు! రేపు రాత్రి ఎనిమిదింటికి మేడెక్కి ఫోన్ చెయ్, ఎటు చూడాలో చెప్తా.

నీ
మూడో బెంచీ