దిగుడు దారిలో బూటు కట్టిపెట్టిన పెద్దాయనకు

కొండ దిగుతుంటే సోలు నోరు తెరిచిన బూటును కట్టిపెట్టి, పేరైనా చెప్పకుండా ముందుకు సాగిపోయిన పెద్దాయనకు మా బృందమంతటి తరఫున కృతజ్ఞతలు. మీ పద్ధతి ఇంకొకరికి అక్కరకొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ముందు మట్టి దులిపి, తడి పూర్తిగా తుడవాలి. తడి మీద టేపు అంటదు. బూటు ముందు భాగానికి డక్ట్ టేపు 3 చుట్లు. టేపు ఒక్కటే అయితే రాళ్ల రాపిడికి ఇట్టే అరిగిపోతుంది. అందుకే సన్నటి నైలాన్ తాడును మడమకు ముందుండే పల్లంలోంచి పోనిచ్చి, చీలమండ చుట్టూ తిప్పి, ముడి పైన వేశారు. అడుగున ముడి పడితే కాలు జారుతుంది. మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది కాబట్టి వేలు దూరేంత వదులు. మధ్యమధ్యలో ఆగి చూసుకోమన్నారే, అది మాత్రం లక్ష రూపాయల మాట.

అసలు కారణమూ మీరే చెప్పారు. సోలు మధ్యపొర పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్ నురుగు) అయితే ఏళ్ల తరబడి తేమ తగిలి, పెళుసై పొడిగా రాలిపోతుంది. వాడకుండా డబ్బాలో దాచినా అంతే. ఆ పొడి మీద జిగురు నిలవదు. బయల్దేరే వారం ముందే సోలు వంచి, అంచుల్లో పగుళ్లు చూసుకోవాలి. ఒకటి ఊడితే రెండోదీ ఎంతో దూరం రాదని, బాగున్న బూటుకు కూడా తాడు చుట్టారు. ఆ ముందుచూపుకు వేరే దండం.