బిర్యానీకి జ్యూస్ విరుగుడు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం హెల్త్ పేజీలో ఒక మూలన చిన్న ఐటమ్ వచ్చింది. నూనె, నెయ్యి ఎక్కువైన భోజనం చేసినా పర్వాలేదు, పైన ఒక గ్లాసు పండ్ల రసం తాగితే అందులోని యాంటీఆక్సిడెంట్లు ఆ చెడునంతా అడ్డుకుంటాయి అని దాని సారాంశం. అది పచ్చి అబద్ధమైతే వదిలేసేదాన్ని. కానీ అందులో కొంత నిజం ఉంది, ఆ కొంత నిజాన్ని పట్టుకునే మా ఇంట్లో షుగర్ ఉన్న పెద్దాయన జ్యూస్ గ్లాసు ఎత్తారు, అందుకే రాస్తున్నాను.

ముందు నిజం ఏమిటో చెప్తాను. కొవ్వు బాగా ఉన్న భోజనం తిన్న మూడు నాలుగు గంటల దాకా రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతూ పోతాయి. కొవ్వుతో పాటు పేగుల్లోని బ్యాక్టీరియా గోడల తునకలు, వాటినే ఎండోటాక్సిన్ అంటారు, కొద్దికొద్దిగా రక్తంలోకి చేరతాయి. తెల్ల రక్తకణాలు వాటిని శత్రువులుగా చూసి కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ వదులుతాయి (యాంటీఆక్సిడెంట్లు అడ్డుకుంటాయనేది వీటినే), ఒంట్లో లోలోపల వాపు (ఇన్ఫ్లమేషన్) మొదలవుతుంది. ఇది ప్రతి పెద్ద భోజనం తర్వాతా పైకి ఏమీ తెలియకుండానే జరిగిపోయే వ్యవహారం.

అమెరికాలోని బఫెలో యూనివర్సిటీ వాళ్లు 2010లో దీని మీదే ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. ముప్పై మందికి గుడ్డు, సాసేజ్ పెట్టిన మఫిన్లు, వేయించిన బంగాళదుంపలు కలిపి 900 కేలరీల భోజనం పెట్టారు. దాంతో పాటు పది మందికి నీళ్లు, పది మందికి గ్లూకోజ్ నీళ్లు, పది మందికి ఆరెంజ్ జ్యూస్ ఇచ్చి ఐదు గంటల పాటు రక్తం పరీక్షించారు. నీళ్లు, గ్లూకోజ్ తాగినవాళ్లలో వాపు గుర్తులూ ఎండోటాక్సినూ పెరిగాయి, జ్యూస్ తాగినవాళ్లలో అలా పెరగలేదు. ఇది మంచి పరీక్షే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు.

మీ ఐటమ్‌లో రాని సంగతులే అసలైనవి. ఆ ముప్పై మందీ ఆరోగ్యవంతులు, సరైన బరువున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు కాదు. వాళ్లు తాగింది 300 కేలరీల జ్యూస్, అంటే 600 మిల్లీలీటర్లు దాటుతుంది, మన జ్యూస్ షాపు గ్లాసులతో రెండుకు పైనే. అంత జ్యూస్‌లో 50 గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పై హద్దే 50 గ్రాములు, అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మంచిదని కూడా వాళ్లే అంటారు, పండ్ల రసంలోని చక్కెరనూ ఆ లెక్కలోనే వేస్తారు. పైగా ఆ పరీక్షలో చూసింది ఐదు గంటల్లో రక్తంలో వచ్చే మార్పులు మాత్రమే. రోజూ ఇలా తిని తాగితే పదేళ్లకు గుండె ఎలా ఉంటుందో అది చెప్పదు. తిన్న కొవ్వు ఎక్కడికీ పోదు, దాని మీద ఇంకో మూడు వందల కేలరీలు చేరతాయి, అంతే.

యాంటీఆక్సిడెంట్ అన్న మాట వినగానే నమ్మేయకూడదని అనుభవం మీద తెలిసింది కూడా. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు దాదాపు 29 వేల మంది మీద జరిగిన పెద్ద పరీక్షలో బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది, 1994లోనే ఆ సంగతి బయటపడింది. ఏ పండులో ఎంత యాంటీఆక్సిడెంట్ శక్తి ఉందో అంకెలు వేసి పెట్టిన తమ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తీసేసింది, ఎందుకంటే కంపెనీలు ఆ అంకెలు చూపించి సరుకు అమ్ముకుంటున్నాయి.

ఇక మా బెంగళూరు సంగతి. మారతహళ్లి వైపు ఆంధ్రా మీల్స్ హోటళ్లకు కొదవ లేదు, పొడి, నెయ్యి, పప్పు, చిల్లీ చికెన్, బిర్యానీ అన్నీ కడుపునిండా తినొచ్చు, బయటికి రాగానే జ్యూస్ షాపు. ఒకసారి నిలబడి చూడండి. మోసంబి పిండి జల్లెడలో వడకడతాడు, పిప్పి మొత్తం బకెట్‌లో పడేస్తాడు, ఆ తర్వాత పంచదార పాకం రెండు గరిటెలు, గుప్పెడు ఐసు. ఈ జాతి పండ్లలో హెస్పెరిడిన్ అనే యాంటీఆక్సిడెంట్ పదార్థం ఎక్కువగా ఉండేది తొక్క లోపలి తెల్లటి పొరలోనూ తొనల పైపొరలోనూ. మనం దేనికోసం తాగుతున్నామో అందులో ఎక్కువ భాగం, పీచుతో సహా, ఆ బకెట్‌లోకే పోతోంది.

మా మామయ్యగారిది అనంతపురం వైపు, చీనీ (బత్తాయి) తోట పెంచిన మనిషి. పోయిన వారం ఇక్కడికి వచ్చినప్పుడు బిర్యానీ తిన్నాక జ్యూస్ చెప్పారు. వద్దు మామయ్యా, షుగర్ ఉంది కదా అంటే, "పేపర్లోనే రాసినారు కదమ్మా, మంచిదంట" అన్నారు. ఆయన డాక్టర్ మాట కంటే మీ పేపర్‌ను ఎక్కువ నమ్ముతారు, ముప్పై ఏళ్లుగా చదువుతున్నారు. తోటలో ఆయన చీనీకాయ వొలిచి తొనలు తొనలుగా తినేవారు, ఇప్పుడూ డాక్టర్ ఒప్పుకున్నంత అలాగే తింటే నాకే అభ్యంతరమూ లేదు, అది కూడా స్వీట్ ఆరెంజే. పండు నమిలి తింటే ఒకటి తినేసరికి చాలనిపిస్తుంది, గ్లాసులో మూడు నాలుగు కాయలు నిమిషంలో లోపలికి పోతాయి.

డబ్బా జ్యూస్ గురించి కూడా ఒక మాట. గాఢమైన రసానికి నీళ్లు కలిపి తయారుచేసినవాటి మీద '100 శాతం పండ్ల రసం' అని వేయకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 జూన్‌లో ఆదేశించింది. అది పేపర్ మొదటి పేజీలో రావాల్సిన వార్త అని నా అభిప్రాయం.

ఎడిటర్ గారూ, ఇలాంటి ఐటమ్‌లు వేయొద్దని అనడం లేదు. ఎంత జ్యూస్, ఎవరికి ఇచ్చారు, ఎన్ని గంటలు చూశారు, ఈ మూడూ రెండు లైన్లలో వేయండి, షుగర్ ఉన్నవాళ్లకు ఇది వర్తించదని విడిగా ఒక లైను వేయండి. వీలైతే వచ్చే ఆదివారమే ఆ సవరణ అదే మూలన, అదే సైజులో వేస్తే మామయ్యగారికి నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు