పస్సౌలో ఆదివారం లేని కచేరీకి మా దగ్గర డబ్బులెందుకు తీసుకున్నారు?

కస్టమర్ కేర్ వారికి,

మీ యూరప్ గ్రూప్ టూర్‌లో అమ్మానాన్నలతో వెళ్లొచ్చాను. మిగతా ఊళ్ల సంగతి సరే, పస్సౌ గురించి మాత్రం అడగాల్సిందే. జర్మనీలో ఆస్ట్రియా సరిహద్దు పక్కనున్న ఆ ఊరికి మీ బ్రోచర్‌లో ‘మూడు నదుల నగరం, సెయింట్ స్టీఫెన్స్ కేథడ్రల్‌లో మధ్యాహ్నం ఆర్గన్ కచేరీ’ అని పెద్దక్షరాల్లో వేశారు. ఆర్గన్ అంటే గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద చర్చి వాయిద్యం, అక్కడిదానికి దాదాపు 18 వేల గొట్టాలున్నాయి. మా నాన్నగారు గుళ్లో భజనలకు హార్మోనియం వాయిస్తారు, దీన్ని వినాలనే ఇంకో కంపెనీ ప్యాకేజీ వదిలేసి మీది తీసుకున్నాం.

తీరా తీసుకెళ్లింది ఆదివారం! మే నుంచి అక్టోబర్ దాకా జరిగే ఆ మధ్యాహ్నపు కచేరీలు ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉండవు. మీ టూర్ మేనేజర్‌ని అడిగితే ‘అవునండీ, సండే ఉండదు’ అన్నాడు తాపీగా. అంటే మీకు ముందే తెలుసు.

పోనీ నదులైనా చూపించారా? డాన్యూబ్, ఇన్, ఇల్జ్ కలిసే కొన దాకా నడవడానికి టైం లేదట, ఎందుకంటే దారిలో హైవే పక్కన ఇండియన్ భోజనం అంటూ రెండు గంటలు ఆపేశారు (పప్పు మా ఇంట్లోనూ ఉడుకుతుంది). ఇల్జ్ నల్లగా, ఇన్ పచ్చగా, కలిశాక కూడా కొంత దూరం వేర్వేరు రంగుల్లో పారతాయని రాసింది మీరే. మేం చూసిందల్లా ఓడల రేవు, టౌన్ హాల్ గోడ మీద వరద గుర్తులు. ఆ గుర్తులు మాత్రం చూడాల్సినవే, 2013 గీత కోసం తల బాగా పైకెత్తాల్సి వచ్చింది, దానికి పైన 1501 నాటిది ఒక్కటే ఉంది. అదీ మీ గైడ్ చెప్పలేదు, అమ్మే చూసి అడిగింది.

నా మెయిల్‌కి మీ జవాబు: ‘స్థానిక పరిస్థితులను బట్టి కార్యక్రమం మారవచ్చు’. ఏం పరిస్థితులు? వరదొచ్చిందా, సమ్మె జరిగిందా? అది ఆదివారమని మీరు తేదీలు వేసిన రోజే క్యాలెండర్‌లో ఉంది.

పస్సౌ రోజుకి మా ముగ్గురి దగ్గర తీసుకున్న డబ్బు వెనక్కివ్వండి. కూపన్లు, తర్వాతి టూర్‌లో డిస్కౌంట్ లాంటివి వద్దు. బ్రోచర్‌లో ఆ లైన్ తీసేయండి, లేదంటే ఆదివారం కాకుండా తీసుకెళ్లండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తాం, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. బ్రోచర్, రసీదు, మీ జవాబు జత చేశాను.