తలుపు వేసి ఆ మాట అడిగిన దంతవైద్యురాలికి కృతజ్ఞతలు

మూడు వారాల క్రితం నా పై వరుస ముందు పళ్లకు చివరి విడత చికిత్స పూర్తయింది. ఇందుకు కారకులైన వారికి నలుగురి ఎదుట కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఆనాడే అనుకున్నాను గాని, అలా చెప్పాలంటే ముందు నా జబ్బు పేరు చెప్పవలసి ఉంటుంది కనుక ఇన్నాళ్లూ వెనుకాడాను. ఆ జబ్బు బులీమియా. అదుపు లేకుండా తినడం, తిన్నందుకు భయపడి వాంతి చేసుకోవడం, ఆ సంగతి బయటపడకుండా జాగ్రత్త పడడం, వీటితోనే ఆరేళ్లు గడిచాయి. బరువు మామూలుగానే ఉండేది కాబట్టి నన్ను రోజూ చూసేవారికి కూడా అనుమానం కలగలేదు.

చల్లని నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయని రెండేళ్ల క్రితం ఈ దంతవైద్యురాలి దగ్గరకు వెళ్లాను. అంతకుముందు ఇంకొక చోట చూపించుకుంటే, గట్టిగా తోమడం వల్ల అరిగాయని చెప్పి పేస్టు మార్చమన్నారు. ఈవిడ మాత్రం చిన్న అద్దాన్ని పై పళ్ల వెనుక పెట్టి చాలాసేపు చూశారు. తరువాత కుర్చీని నిటారుగా లేపి, సహాయకురాలిని బయటికి పంపి, తలుపు వేసి, నాకు ఎదురుగా కూర్చున్నారు. "మీ పళ్ల లోపలి వైపు ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర, ఆమ్లానికి కరిగినట్టు కనిపిస్తోంది. పుల్లటి తేన్పులున్నా, గర్భంతో ఉన్నప్పుడు వాంతులు ఎక్కువైనా, తరచూ వాంతి చేసుకుంటున్నా ఇలా అవుతుంది. మీకు చెప్పాలనిపిస్తేనే చెప్పండి" అన్నారు.

ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. నేను చాలాసేపు ఏడ్చాను. తరువాతి పేషెంటు ఎదురుచూస్తున్నా ఆమె తొందర పెట్టలేదు.

ఆ రోజూ, ఆ తరువాతా ఆమె నాకు విడమరచి చెప్పినవి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నాలా దాచుకుంటున్న వారికి ఇవి చెప్పే మనిషి దొరకకపోవచ్చు. ఎనామెల్ మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం, బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అయినా నోటిలో పీహెచ్ (ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటెక్కువ) 5.5 కన్నా తగ్గితే అది కరగడం మొదలవుతుంది. కడుపులోని ఆమ్లం పీహెచ్ 1, 2 ప్రాంతంలో ఉంటుంది. వాంతి అయ్యేటప్పుడు కింది పళ్లకు నాలుక కొంత అడ్డుగా ఉంటుంది కాబట్టి, దెబ్బ ముఖ్యంగా పై ముందు పళ్ల వెనుక భాగానికి తగులుతుంది. అద్దంలో నవ్వి చూసుకుంటే కనిపించని చోటు అది. ఎనామెల్‌ను తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేనాటికే నశిస్తాయి కనుక, పోయిన ఎనామెల్ మళ్లీ పెరగదు. పళ్ల అంచులు పలచబడి చిట్లడం, ఎనామెల్ కింద ఉండే డెంటిన్ అనే పొర బయటపడి పళ్లు పచ్చగా కనిపించడం, చుట్టూ ఉన్న పన్ను కరిగిపోయి పాత ఫిల్లింగ్ ఎత్తుగా మిగలడం, ఇవన్నీ నా నోటిలోనే ఆమె నాకు చూపించారు.

నేను చేసిన పెద్ద పొరపాటు వాంతి అయిన వెంటనే బ్రష్ చేసుకోవడం. శుభ్రత కోసమే చేసేదాన్ని. కాని ఆమ్లానికి మెత్తబడిన పైపొరను బ్రష్ ఇంకా త్వరగా అరగదీస్తుందని, అప్పుడు మామూలు నీళ్లతోగాని కొద్దిగా వంటసోడా కలిపిన నీళ్లతోగాని పుక్కిలించి, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి, ఫ్లోరైడ్ పేస్టుతో మెల్లగా తోమాలని ఆమె చెప్పారు. మానేశాక రమ్మని ఆమె అనలేదు. మానలేని రోజుల్లో కూడా పళ్లను ఎలా కాపాడుకోవాలో నేర్పారు. ఆ మర్యాద వల్లనే నేను రెండోసారి ఆ గడప తొక్కగలిగాను.

చెంపల సంగతి నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. దవడల దగ్గర ముఖం ఉబ్బుతుంటే లావవుతున్నానని భయపడి, ఆ భయంతోనే మళ్లీ వాంతి చేసుకునేదాన్ని. అది కొవ్వు కాదని, చెవుల ముందుండే పరోటిడ్ లాలాజల గ్రంథులు వాంతుల వల్లనే వాచాయని ఆమె చేత్తో తాకి చూసి చెప్పారు. ఆ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఎన్ని రాత్రులు మిగిలేవో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నా అనుమతి తీసుకుని ఆమె నన్ను ఒక మానసిక వైద్యుడి దగ్గరకు పంపారు. ఆయనకూ, వారం వారం ఓపికగా నాతో మాట్లాడిన సైకాలజిస్టుకూ, తిండిని మళ్లీ వేళకు తినడం నేర్పిన డైటీషియన్‌కూ, ప్రతి అపాయింట్‌మెంటుకూ నా వెంట వచ్చిన అక్కకూ నమస్కారాలు. మందు వల్ల నోరు ఎండిపోతోందని చెప్పినప్పుడు, లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చుతాయని, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలమని, నీళ్లు తరచూ తాగమని దంతవైద్యురాలే గుర్తుపెట్టుకుని చెప్పారు. అసలు వాంతులే లేకుండా, తిండి బాగా తగ్గించుకున్న వారికి కూడా ఇనుము, బి విటమిన్లు చాలక పెదవుల మూలలు చిట్లుతాయని ఆమె ద్వారానే తెలుసుకున్నాను.

వాంతులు పూర్తిగా ఆగడానికి నాకు 14 నెలలు పట్టింది. అంతవరకూ ఆమె శాశ్వతమైన క్యాపులు వేయలేదు; ఆమ్లం తగులుతూ ఉంటే వాటి అంచుల దగ్గర పన్ను మళ్లీ కరుగుతుందని, పళ్ల వెనుక తాత్కాలికంగా కాంపోజిట్ (పంటి రంగులో ఉండే ఫిల్లింగ్ పదార్థం) పూతతో కప్పి ఉంచారు. మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టి ఆ పూత ఊడితే, ఒక్క మాట అనకుండా మళ్లీ వేశారు. దంతవైద్యులందరికీ నా విన్నపం ఒక్కటే. ఇలాంటి పళ్లు కనిపిస్తే దయచేసి అడగండి. తలుపు వేసి, మెల్లగా అడగండి.

డాక్టరు గారూ, చివరి రోజున మీరు నా చేతికి అద్దమిచ్చి పళ్ల వెనుక వైపు చూపించినప్పుడు నాకు మాట రాలేదు, అందుకే ఇప్పుడు ఇలా రాస్తున్నాను. ఆరు నెలలకొకసారి వచ్చి చూపించుకోమన్నారు. తప్పకుండా వస్తాను.